తొమ్మిది మంది టీచర్లతో వి.బి.ఎస్.: ఎంతమంది పిల్లల్ని పిలవాలి?

చెల్లెమ్మా, వందనాలు. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ సంఘంలో మొదటిసారి మే నెలలో ఐదు రోజులు వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల్లో పిల్లలకు బైబిలు బడి) పెడుతున్నారు. మీతో కలిపి టీచర్లు తొమ్మిది మంది. అందులో నలుగురు ఇంటర్ చదివే పిల్లలు. చేతిలో ఉన్నది పాతిక వేలు. పాస్టర్ గారేమో నూట యాభై మంది పిల్లలు రావాలంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు.

నేను గవర్నమెంటు బడిలో టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మాది దివిసీమ. 1998 నుంచి మా సంఘంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఎండాకాలం సెలవుల్లో వి.బి.ఎస్. నడుపుతూ వస్తున్నాను. కాబట్టి అసలు జవాబు ముందే చెప్పేస్తాను. నూట యాభై వద్దు. అరవై మందికి పెట్టండి. పాటలు, కథలు, క్రాఫ్టు, బ్యానరు అన్నీ ఆ తర్వాతి మాటలు.

అరవై ఎలా వచ్చిందో చూడండి. ఒక్కో గుంపుకి ఇద్దరు ఉండి తీరాలి. ఒకరు పాఠం చెబుతుంటే ఇంకొకరి కళ్లు పిల్లల మీద ఉండాలి. ఒక పిల్లకి బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చినా, ఒకడు వాంతి చేసుకున్నా, మిగతా పిల్లల దగ్గర ఒకరుంటారు. మీ తొమ్మిది మందిలో డైరెక్టర్‌గా మీరొకరు, గేటు దగ్గర రిజిస్టరుతో ఒకరు, నీళ్లూ తినుబండారాలూ చూసుకోడానికి ఒకరు. మిగిలింది ఆరుగురు. అంటే మూడు గుంపులు. ఇద్దరు మనుషులు ఇరవై మంది పిల్లల్ని చూసుకోగలరు. ఐదారేళ్ల వాళ్లయితే పదిహేనుకి మించితే కష్టం. టీచర్లు ఎంతమందో చూసుకుని దాన్నిబట్టి పిల్లల్ని పిలవాలి. మన సంఘాల్లో చాలాచోట్ల దీన్ని తలకిందులు చేస్తాం. ముందు పెద్ద అంకె అనుకుని, ఆ తర్వాత టీచర్ల కోసం పరుగులు పెడతాం.

నేనూ అలాగే చేశాను. ఒక ఏడు రెండు వందల పది మంది పిల్లలు వచ్చారు. టీచర్లం పదకొండు మందిమి. స్టేజి మీద నిలబడి చూస్తే గుడంతా పిల్లలే, నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మూడో రోజు అందర్నీ పంపించేశాక ఒక తల్లి వచ్చి, "అమ్మా, మావాడేడీ?" అంది. ఐదేళ్ల పిల్లాడు. ఎవరిని అడిగినా ఇప్పుడే ఇక్కడే ఉన్నాడన్న మాటే. గుడి పక్కనే చెరువు. మగవాళ్లు లుంగీలు పైకి కట్టి నీళ్లలోకి దిగారు. ఆ తల్లి గట్టు మీద కూలబడిపోయింది. నలభై నిమిషాలు గడిచాయి. అప్పుడు మా సంఘంలో ఒక పెద్దావిడ గుడి మెట్ల దగ్గరికి వెళ్లి, "ఈ చెప్పులు ఎవరివమ్మా?" అని కేకేసింది. మెట్ల మీద ఒక్క జతే మిగిలి ఉంది. చిన్న నీలం రంగు హవాయి చెప్పులు, ఒకదానికి పట్టీ దగ్గర పిన్నీసు పెట్టి ఉంది. అవి వాడివే. చెప్పులు ఇక్కడుంటే పిల్లాడు బయటికి పోలేదన్నమాట. లోపల వెతికితే స్టేజి వెనక చుట్టి నిలబెట్టిన చాపల మధ్య ముడుచుకుని నిద్రపోతున్నాడు.

వాడికేమీ కాలేదు. దేవునికి స్తోత్రం. కానీ ఆ నలభై నిమిషాలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. రెండు వందల పది మందిలో ఒకడు లేడని మాకు తెలియలేదు. వాళ్లమ్మ రాకపోయి ఉంటే గుడికి తాళం వేసుకుని వెళ్లిపోయేవాళ్లం.

ఆ మర్నాటి నుంచి మొదలుపెట్టిన పద్ధతే ఈ రోజుకీ నడుస్తోంది. పిల్లలు రాగానే గేటు దగ్గర రిజిస్టర్లో పేరు, అమ్మానాన్నల పేర్లు, ఫోను నంబరు, ఇంటికి తీసుకెళ్లేది ఎవరు అన్నది రాస్తాం. గుంపుకో రంగు రిబ్బను మణికట్టుకి కడతాం. లెక్క మూడుసార్లు: రాగానే ఒకసారి, తినుబండారం ఇచ్చేటప్పుడు ఒకసారి, పంపించే ముందు ఒకసారి. టీచరు తలలు లెక్కపెట్టి గేటు దగ్గర చెబుతుంది, రిజిస్టరు రాసేవాళ్లు ఆ అంకె వేసి సంతకం పెడతారు. రిజిస్టర్లో పేరున్న మనిషి వస్తేనే చిన్నపిల్లల్ని అప్పగిస్తాం. "నేను వాడి బాబాయినే" అంటే చాలదు, ఇంటికి ఫోన్ చేస్తాం. మొదట్లో కొందరు నొచ్చుకుంటారు, రెండో రోజుకి అలవాటు పడతారు. ఆఖర్న మెట్ల దగ్గర చెప్పులు చూసుకుని, చాపలన్నీ విప్పి దులిపి, అప్పుడు తాళం వేస్తాం.

ఇక పాస్టర్ గారితో ఎలా మాట్లాడాలన్నది. ఆయన కోరిక మంచిదే. ఊళ్లో పిల్లలందరూ రావాలని ఏ కాపరికి ఉండదు? కాదన్నట్టు మాట్లాడకండి. కాగితం మీద మూడు గుంపుల లెక్క వేసి తీసుకెళ్లండి. "అయ్యగారూ, ఇంకో ఆరుగురు పెద్దవాళ్లను ఇప్పించండి, ఇంకో అరవై మందిని పిలుస్తాం" అని అడగండి. స్త్రీల సమాజంలో ఆడవాళ్లు ముందుకొస్తే మంచిదే. రాకపోతే, ఈ వారం మీ ఊళ్లో పెట్టి, పై వారం పక్క పేటలో అదే పాఠాలతో ఇంకోటి పెట్టొచ్చు. పుస్తకాలు, చార్టులు, పాటలు అన్నీ సిద్ధంగానే ఉంటాయి కాబట్టి రెండోది సగం కష్టంతో అయిపోతుంది.

మీ ఇంటర్ పిల్లల గురించి ఒక మాట. వాళ్లను తక్కువ చేయడం లేదు. ఈ పని మొదట్నుంచీ కాలేజీ పిల్లల చేతుల మీదుగా నడిచిందే. 1898లో న్యూయార్కులో హాస్ అనే ఒక డాక్టరు గారి భార్య, ఎండాకాలంలో వీధుల్లో తిరిగే పిల్లల కోసం బీరు అమ్మే హాలును అద్దెకు తీసుకుని రోజూ బైబిలు బడి నడిపింది. 1901లో బోవిల్ అనే బాప్టిస్టు పాస్టరు దాన్ని ఊరంతా విస్తరించినప్పుడు పాఠాలు చెప్పడానికి కాలేజీ విద్యార్థుల్నే పెట్టుకున్నాడు. కానీ పద్దెనిమిది నిండనివాళ్లు చట్టం ప్రకారం వాళ్లే పిల్లలు. బాధ్యత పూర్తిగా వాళ్ల మీద వేయకూడదు. ప్రతి గుంపులో ఒక పెద్ద మనిషి, ఒక ఇంటర్ పిల్ల, అలా జత చేయండి. మీకున్న పెద్దవాళ్లు ఐదుగురే కాబట్టి ముగ్గురిని గుంపుల్లో పెట్టండి, గేటు దగ్గర ఒకరిని పెట్టండి, మీరు అన్నిచోట్లకీ తిరుగుతూ ఉండండి. నీళ్లూ తినుబండారాలూ ఇంటర్ పిల్లల్లో ఒకరు చూసుకుంటారు. ఎవరైనా రాలేకపోతే ఆ చోట ఉండటానికి స్త్రీల సమాజం నుంచి ఒకావిడను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఆవిడ పాఠం చెప్పక్కర్లేదు. కూర్చుని చూస్తుంటే చాలు.

ఒక నియమం మాత్రం ముందే అందరికీ చెప్పండి, నాకూ మీకూ పాస్టర్ గారికీ కూడా అదే వర్తిస్తుందని చెప్పండి. ఏ పెద్ద మనిషీ ఏ పిల్లతోనూ, ఏ పిల్లాడితోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ప్రార్థన చేయించాలన్నా సరే, అందరికీ కనపడే చోట చేయించాలి. బాత్రూమ్‌కి ఇద్దరిద్దరు పిల్లల్ని పంపాలి, టీచరు బయట నిలబడాలి. ఇది ఎవరి మీదో అనుమానంతో పెట్టింది కాదు. పిల్లలకూ రక్షణే, టీచర్లకూ రక్షణే.

దీని వెంబడే ఇంకో సంగతి చెప్పాలి. ఐదు రోజులు ప్రేమగా మాట్లాడేసరికి కొందరు పిల్లలు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది మీతో చెబుతారు. నా అనుభవంలో రెండుసార్లు జరిగింది. ఒక పాప క్రాఫ్టు క్లాసులో రంగులు వేస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది. అప్పుడు చేయాల్సింది వినడం. ముఖంలో భయం కనపడనివ్వొద్దు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు. "నాకు చెప్పి మంచిపని చేశావమ్మా, నీ తప్పేం లేదు" అనండి. గుచ్చి గుచ్చి అడగొద్దు, పదిమందిని పిలిచి మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. ఆ తర్వాత పిల్లల హెల్ప్‌లైను 1098కి గానీ పోలీసులకు గానీ ఫోను చేయాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలి. చేయకపోతే 21వ సెక్షను కింద శిక్ష ఉంది, సంస్థను నడిపేవాళ్లకైతే ఇంకా ఎక్కువ. "సంఘం పరువు పోతుంది, పెద్దల్లో పెట్టి సర్దుబాటు చేద్దాం" అనేవాళ్లు ఉంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ పాప నమ్మి మీకు చెప్పింది.

ఇక ఎండ. మన కోస్తాలో మే నెల ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. 2015 మే నెలాఖరులో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు మేము మూడో రోజుతోనే ఆపేశాం. మిగిలిన రెండు పాఠాలు జూన్‌లో ఆదివారాలు చెప్పాం. ఎవరూ ఏమీ నష్టపోలేదు. కాబట్టి రోహిణి కార్తె రాకముందే, మే మొదటి వారంలోనే పెట్టుకోండి. పొద్దున్నే ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకల్లా పిల్లలు ఇళ్లకు చేరిపోవాలి. మధ్యాహ్నం దాకా లాగొద్దు. ఆటలు తొమ్మిది లోపల, నీడలోనే. తాటాకు పందిరి వేయగలిగితే షామియానా కంటే చల్లగా ఉంటుంది. రేకుల షెడ్డు కింద అసలు కూర్చోబెట్టకండి.

దాహమైతే అడుగుతారులే అనుకోవద్దు. పిల్లలు ఆటలో పడితే అడగరు. అరగంటకోసారి విజిల్ ఊది అందరితోనూ తాగించండి. తినడానికి అరటిపండు, పుచ్చకాయ ముక్కలు, ఉడకబెట్టిన శనగలు, మజ్జిగ. క్రీము బిస్కెట్లు, రంగు నీళ్లు వద్దు. పల్లీలు పడనివాళ్లు ఉన్నారేమో, ఫిట్స్, ఉబ్బసం ఏమైనా ఉన్నాయేమో రిజిస్టరు రాసేటప్పుడే అడగండి. ఓ.ఆర్.ఎస్. పాకెట్లు పది తెచ్చిపెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న 20.5 గ్రాముల పాకెట్టు లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసు నీళ్లలో పాకెట్టు పోసేస్తుంటారు, అది మేలుకన్నా కీడే చేస్తుంది. పిల్లవాడు తలనొప్పి, కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో ఒళ్లంతా తుడవండి. తిక్కతిక్కగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో నీళ్లు పోయకండి, తడుపుతూనే 108కి ఫోన్ చేయండి.

చెరువుగానీ బోరు గుంటగానీ దగ్గర్లో ఉంటే, విడిచిపెట్టే సమయానికి అటువైపు ఒక మనిషిని నిలబెట్టండి. పిల్లలు ఇంటికెళ్తూ ఈతకి దిగేది అప్పుడే.

టీచర్లకి రెండు శనివారాలు ట్రైనింగ్ పెట్టండి. పుస్తకం చూసి చదవొద్దని చెప్పండి. ప్రతి ఒక్కరూ నిలబడి, పుస్తకం మూసేసి, ఎనిమిది నిమిషాల్లో కథ చెప్పాలి. మిగతావాళ్లు పిల్లల్లా కూర్చుని వినాలి. మా దగ్గర ఒక ఇంటర్ సెకండియర్ అబ్బాయి ఉండేవాడు. నలుగురిలో నోరు విప్పేవాడు కాదు. వాడికి గొర్రెలు కాసే కుర్రాడు దావీదు, మహాకాయుడు గొల్యాతుతో పోరాడిన కథ ఇచ్చాను. వాడు మాట్లాడకుండా ఒక సుద్దముక్క, ఒక టేపు, ఒక నిచ్చెన తెచ్చుకున్నాడు. గొల్యాతు ఎత్తు ఆరు మూరల జానెడు అని బైబిల్లో ఉంది కదా. మూరకి అడుగున్నర చొప్పున లెక్కేస్తే దాదాపు తొమ్మిదడుగుల తొమ్మిదంగుళాలు. అంత ఎత్తు మనిషిని గుడి బయటి గోడ మీద గీశాడు. అప్పుడు రెండో తరగతి పిల్లాణ్ణి ఒకణ్ణి పిలిచి, బొమ్మ పక్కన నిలబెట్టాడు. వాడి తల గొల్యాతు నడుం దాకా కూడా రాలేదు. పిల్లలందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఆ పిల్లాడు తలెత్తి పైకి చూసి, "ఇంతవాడితోనా అన్నా?" అన్నాడు. "ఇంతవాడితోనే" అన్నాడు మావాడు. అంతే. ఆ రోజు ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది. వానలకి సుద్దగీతలు పోయేదాకా పిల్లలు ఆదివారాలు వచ్చి ఆ బొమ్మ పక్కన నిలబడి ఎంత పెరిగామో చూసుకునేవాళ్లు.

అందుకే చెబుతున్నాను, రోజుకి ఒక్క కథ చాలు. ఒక్క కంఠత వాక్యం చాలు, అదీ పొట్టిది. మొదటి రోజు నేర్చుకున్న "యెహోవా నా కాపరి" ఐదో రోజుకి కూడా గుర్తుందంటే అది నేర్చుకున్నట్టు. పాటలు నాలుగు నేర్పండి, పదిహేను వద్దు. క్రాఫ్టు పిల్లల చేతులతో వాళ్లే చేసేది ఉండాలి, టీచర్లు రాత్రంతా కూర్చుని కత్తిరించి పెట్టేది వద్దు. టీచర్లకు నిద్ర ఉండాలి. మూడో రోజుకి గొంతులు పోయి, ఒకరి మీద ఒకరు విసుక్కోవడం మొదలవుతుంది. పదకొండింటికి అందరూ కలిసి అన్నం తిని, పావుగంట ప్రార్థన చేసుకుని ఇంటికి పొండి. సాయంత్రం మీటింగులు పెట్టొద్దు.

డబ్బు సంగతి: అరవై మందికి పాతిక వేలు సరిపోతాయి. తినుబండారాలు మనిషికి రోజుకు 15 రూపాయలు వేసుకుంటే, టీచర్లతో కలిపి 70 మందికి ఐదు రోజులకి 5,250. నీళ్ల క్యాన్లు 600, పాఠ్యపుస్తకాలు 3,000, క్రాఫ్టు సామాన్లు 2,500, అందరికీ ఒకే రకం బహుమతి 1,800, బ్యానరూ ఫారాలూ 1,000, మందుల డబ్బా 800, దూరం పేట పిల్లలకి ఆటో 2,000. మొత్తం 16,950. మూడు వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి, మిగతాది టీచర్ల భోజనాలకి. ఖర్చు రాసిన పుస్తకం, బిల్లులు చివరి ఆదివారం సంఘ పెద్దల చేతికి ఇవ్వండి. ఆటోలో ఎంతమంది అన్నది కూడా మీరే చూడండి. పదిహేను మందిని కుక్కితే రెండు ట్రిప్పులు వేయించండి.

మీ ఊళ్లో హిందువుల పిల్లలు, ముస్లిముల పిల్లలు కూడా వస్తారని రాశారు. రావాలి, మన వాకిలి అందరికీ తెరిచే ఉండాలి. కానీ కరపత్రంలో "సమ్మర్ క్యాంపు, ఆటలు పాటలు" అని మాత్రమే వేసి లోపల బైబిలు చెప్పడం మోసం అవుతుంది. బైబిలు కథలు చెబుతామని పెద్ద అక్షరాలతో వేయండి. తల్లిదండ్రుల సంతకం ఉంటేనే చేర్చుకోండి. నచ్చినవాళ్లే పంపుతారు. చివరి రోజు చిన్నపిల్లలతో చేతులెత్తించి యేసును నమ్ముకుంటామని తీర్మానాలు చేయించడం నేను చాలా ఏళ్ల కిందటే మానేశాను. ఏడెనిమిదేళ్ల పిల్లలు పక్కవాడు ఎత్తాడని ఎత్తుతారు. వేరే విశ్వాసం ఉన్న ఇంటి పిల్లకైతే ఇంటికెళ్లాక అది ఎంత ఇబ్బందో ఆలోచించండి. నరకం బొమ్మలు చూపించి భయపెట్టడం కూడా వద్దు. యేసు పిల్లల్ని ఒళ్లోకి తీసుకున్నాడు, మనం ఆయన పేరుతో వాళ్లను భయపెట్టకూడదు.

ఫోటోల విషయంలో ఒకటే నియమం. తల్లిదండ్రులు ఫారంలో ఒప్పుకుంటేనే, అదీ గుంపు ఫోటోనే. పేర్లు వేసి స్టేటస్‌లు పెట్టొద్దని ఇంటర్ పిల్లలకి గట్టిగా చెప్పండి.

ముగింపు రోజున ఫస్టు, సెకండు బహుమతులు ఇవ్వకండి. అందరూ స్టేజి ఎక్కాలి, మాటలు రాని పిల్ల కూడా జెండా పట్టుకునైనా నిలబడాలి. ఆ సాయంత్రం పిల్లల్ని రాత్రికి గుడిలోనే పడుకోబెట్టాలన్న ఆలోచన మీ యూత్ వాళ్లకి ఉందన్నారు. మొదటి ఏడు వద్దు. రాత్రిపూట చూసుకోవడానికి కావలసినంత మంది పెద్దవాళ్లు మీకు ఇంకా లేరు.

రిజిస్టరు జాగ్రత్తగా దాచండి. బడులు తెరిచిన మొదటి వారంలో ఇద్దరిద్దరు టీచర్లు కలిసి ప్రతి ఇంటికీ వెళ్లి రండి. పుస్తకాలు, బ్యాగు కొన్నారా లేదా, బడికి వెళ్తున్నారా లేదా కనుక్కోండి. రెండు రోజులు వచ్చి మానేసిన పిల్లల ఇళ్లకి ముందు వెళ్లండి. ఒకసారి అలా వెళ్తేనే ఒక ఆరో తరగతి పాపని బడి మాన్పించి పొలం పనులకి పంపుతున్నారని తెలిసింది. బడి హెడ్‌మాస్టారితో మాట్లాడి మళ్లీ చేర్పించడానికి మూడు వారాలు పట్టింది.

మేము వాడే ఫారం తెలుగులోనే ఉంది. ఒక పేజీ, వెనకవైపు ఆరోగ్య వివరాలు. కావాలంటే చెప్పండి, పంపుతాను. స్త్రీల సమాజంలో ఆవిణ్ణి మాత్రం ఈ ఆదివారమే అడగండి.